మణికట్టుకు ధర కట్టేదెవరు?

కీబోర్డు, మౌసు పెట్టుకునే అరను మనిషికి తగ్గట్టు పైకీ కిందికీ జరుపుకునే ఏర్పాటు కావాలని అడిగితే యజమానులు దాన్ని గొంతెమ్మ కోరికంటారు. హైదరాబాదులో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో ఆరేళ్ళు పనిచేసినదాన్ని. ఈ మాట ఎన్నోసార్లు విన్నాను.

మామూలు ఆఫీసు బల్ల ఎత్తు 29, 30 అంగుళాలు. అయిదడుగుల స్త్రీ పాదాలు నేలకానించి కూర్చుంటే ఆమె మోచేయి సుమారు 24 అంగుళాల దగ్గరుంటుంది. మరి ఆ బల్ల ఎవరి కొలతలతో తయారైంది? మధ్యనున్న అయిదారు అంగుళాలను రోజంతా ఆమె భుజాలూ మణికట్లూ మోస్తాయి. కుర్చీ ఎత్తు పెంచితే కాళ్ళు గాలిలో వేలాడతాయి. కీబోర్డుకు కుడిపక్కనుండే అంకెల మీటల వల్ల మౌసు ఇంకా దూరం జరుగుతుంది. చెయ్యి చాపే ఉంచాలి. మణికట్టు వంగినకొద్దీ అందులోంచి వెళ్ళే నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రిళ్ళు నిద్ర ఉండదు.

నొప్పి అని చెబితే మా సూపర్‌వైజరు, "ఇంట్లో బట్టలుతికితే వచ్చిందేమో" అన్నాడు. ఇంటి చాకిరీకి విలువ కట్టమంటే అది పనే కాదంటారు. ఆఫీసు బాధ్యత తప్పించుకోవాలంటే మాత్రం అదే పని ఎముకలు అరగదీసేదైపోతుంది! గర్భం, థైరాయిడ్ జబ్బు కూడా ఈ నొప్పికి దోహదం చేస్తాయి, నిజమే. అంతమాత్రాన బల్ల నిర్దోషి అయిపోతుందా?

ఈ నిరాకరణ కొత్తది కాదు. 1980ల్లో ఆస్ట్రేలియాలో కీబోర్డు పనిచేసే స్త్రీలు చేతినొప్పులని మొరపెట్టుకుంటే "కంగారూ పంజా" అని వెక్కిరించారు. అమెరికా ప్రభుత్వం 2000 నవంబరులో తెచ్చిన ఎర్గోనామిక్స్ నిబంధనను 2001 మార్చిలోనే అక్కడి కాంగ్రెస్ రద్దు చేసింది. యూరప్‌లో మాత్రం 1990 నాటి ఆదేశం ప్రకారం కీబోర్డు ముందు చేతులు ఆనించుకునే చోటు, ఎత్తు మార్చుకునే కుర్చీ, పని మధ్య విరామం ఉండాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ వృత్తి వ్యాధి. మన 2020 వృత్తి భద్రతా కోడ్ షెడ్యూలులో 29 వ్యాధులున్నాయి. సీసపు విషం, సిలికోసిస్, రణగొణధ్వని వల్ల వచ్చే చెవుడు ఉన్నాయి. మణికట్టు లేదు.

మరీ గట్టిగా అడిగితే ఒక మెత్త ఇచ్చి చేతులు దులుపుకుంటారు. అది టైపు ఆపినప్పుడు అరచేతిని ఆనించుకోవడానికే. దానిమీద మణికట్టు అదిమి టైపు చేస్తే మేలుకన్నా కీడే ఎక్కువ. పైగా గంటకిన్ని లైన్లన్న కోటా తగ్గనంతకాలం ఏ పరికరమూ చేతుల్ని కాపాడలేదు.

అందుకే మనం అడగవలసినవి: ఎత్తు మార్చుకునే అర, కుర్చీ, కాళ్ళకు పీట యజమాని ఖర్చుతో ఇవ్వాలి. విరామానికి జీతం కోయకూడదు. కోటాలు తగ్గించాలి. ఈ నొప్పులను షెడ్యూలులో చేర్చాలి.

మన సంస్థల్లోనూ నివేదికలు, హక్కుల కరపత్రాలు టైపు చేసేది ఎక్కువగా స్త్రీలే. ముందు అక్కడ మొదలుపెడదాం. ఈ వారమే టేపు తీసుకుని మీ ఆఫీసు బల్ల ఎత్తూ, ఆమె మోచేయి ఎత్తూ కొలవండి.