మలపరీక్ష చీటీ మీద ఒక్క వాక్యం

తలసేమియాకో, రక్త క్యాన్సర్‌కో మూలకణ మార్పిడి చేయించుకున్న పిల్లలను ఇప్పుడు మన జిల్లాల్లోనూ చూస్తున్నాము. మార్పిడి వెల్లూరులోనో, హైదరాబాదులోనో జరుగుతుంది. ఇంటికి వచ్చాక విరేచనాలు పట్టుకుంటే మాత్రం తల్లిదండ్రులు ముందు పరుగెత్తేది దగ్గరలో ఉన్న ఆసుపత్రికే. అందుచేత ఇది పెద్ద ఆసుపత్రుల వారి సంగతి అని మనం ఊరుకోవడానికి లేదు.

అలాంటి బిడ్డకు నీళ్ల విరేచనాలు అయితే ముందుగా తోచేది జి.వి.హెచ్.డి. అంటే దాత నుండి వచ్చిన కణాలు బిడ్డ పేగుల మీదనే దాడి చేయడం. దానికి స్టెరాయిడ్ ఇస్తారు. అయితే క్రిప్టోస్పోరిడియం, జియార్డియా వంటి పరాన్నజీవులు పేగుల్లో చేరినా అవే విరేచనాలు, అదే కడుపునొప్పి. పైకి చూసి తేడా చెప్పడం ఎవరి వల్లా కాదు. వైరస్‌లు, బాక్టీరియాలతో పోలిస్తే ఇవి తక్కువే, ఒప్పుకుంటాము. కానీ లోపల పరాన్నజీవి ఉండగా స్టెరాయిడ్ పెంచితే, బిడ్డకు మిగిలిన కాస్త నిరోధక శక్తి కూడా పోతుంది.

"గుడ్లు, సిస్టులు కనబడలేదు" అని రిపోర్టు రాగానే అందరం తేలికపడతాము. ఆ మామూలు పరీక్షలో క్రిప్టోస్పోరిడియం సాధారణంగా దొరకదు. దాని సైజు 4 నుండి 6 మైక్రాన్లు మాత్రమే. క్షయ కఫానికి వేసే యాసిడ్ ఫాస్ట్ రంగునే కొద్దిగా మార్చి వేస్తే ఎర్రగా బయటపడుతుంది. చెప్పనిదే ల్యాబ్ వారు ఆ రంగు వేయరు, వారిని తప్పు పట్టలేము. కాబట్టి చీటీ మీద "మూలకణ మార్పిడి అయిన బిడ్డ, క్రిప్టోస్పోరిడియం చూడగలరు" అని ఉండాలి. డాక్టరు గారు రాయకపోతే సిస్టర్ అడిగి రాయించాలి. ఇది నర్సు పనే అని మా గట్టి అభిప్రాయం.

ఒక్క నమూనాతో సరిపెట్టవద్దు. జియార్డియా రోజూ మలంలో పడదు, కనుక వేర్వేరు రోజుల్లో మూడు నమూనాలు పంపాలి. మూత్రం కలవకూడదు. నీళ్ల విరేచనమైతే అరగంటలోపు మైక్రోస్కోపు కిందికి చేరాలి. పొద్దున తీసిన డబ్బా వార్డు కిటికీలో కూర్చుని మధ్యాహ్నం భోజనాలయ్యాక ల్యాబుకు వెళితే కదిలే జీవులు ఇంకేం కనబడతాయి?

మమ్మల్ని ఎక్కువ భయపెట్టేది స్ట్రాంగిలాయిడిస్ అనే సన్నని పురుగు. వట్టికాళ్లతో మట్టిలో తిరిగేటప్పుడు చర్మం గుండా లోపలికి వెళ్తుంది. శరీరంలోనే మళ్లీ మళ్లీ పుడుతూ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. స్టెరాయిడ్ పడితే ఒక్కసారిగా విజృంభించి ఊపిరితిత్తులకు పాకుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. మలంలో గుడ్లు కాదు, లార్వాలు కనబడతాయి, అవీ ఒక్క పరీక్షలో చాలాసార్లు దొరకవు. స్టెరాయిడ్ మీద ఉన్నవారిలో ఇసినోఫిల్స్ కూడా పెరగకపోవచ్చు. "బడిలో పురుగుల మాత్ర వేశారమ్మా" అంటారు తల్లులు. 2015 నుండి జాతీయ నులిపురుగుల దినం నాడు ఇస్తున్న ఆ ఒక్క ఆల్బెండజోల్ మాత్ర ఏలికపాములకు బాగా పనిచేస్తుంది గాని ఈ పురుగును నమ్మకంగా పోగొట్టదు. దీనికి మేలైన మందు ఐవర్‌మెక్టిన్, అది డాక్టరు చూసి ఇవ్వవలసినది.

కాబట్టి వెతకవలసిన సమయం మార్పిడికి ముందే. అప్పుడు యాంటీబాడీ పరీక్ష అక్కరకు వస్తుంది. మార్పిడి అయ్యాక బిడ్డ శరీరం యాంటీబాడీలు సరిగా తయారుచేయలేదు. పైగా ఎక్కించే ఇమ్యూనోగ్లోబ్యులిన్‌లో ఇతరుల యాంటీబాడీలు ఉంటాయి. రిపోర్టు ఎటు వచ్చినా నమ్మలేము. టాక్సోప్లాస్మాకూ ఇదే చిక్కు. ముందే పరీక్ష చేసి ఉంటే ప్రమాదం తెలుస్తుంది, తరువాత జ్వరమో, ఫిట్సో వస్తే రక్తంలో పి.సి.ఆర్. చేయించాలి. రక్తం ఎక్కించుకున్న బిడ్డకు జ్వరం వస్తే మలేరియా స్లైడు మరువకండి, అది ఎక్కించిన రక్తంలోనూ రాగలదు.

మార్పిడి చేసే ఆసుపత్రుల వారికి మా విన్నపం ఒకటే. డిశ్చార్జి కాగితంలో ముందు చేసిన ఈ పరీక్షల ఫలితాలు, తేదీలతో సహా, రాసి పంపండి. తల్లులారా, ఆ కాగితం రెండు జిరాక్సులు తీయించి ఉంచుకోండి. ఒకటి ఇంట్లో, ఒకటి ప్రయాణపు సంచిలో.