నాలుగు కోట్ల అంకెల సంఖ్య – మన ఆరో తరగతి లెక్కలు

2024 అక్టోబరు 21న లెక్కల ప్రపంచం నుంచి ఒక ప్రకటన వచ్చింది. అప్పటివరకు తెలిసిన ప్రధాన సంఖ్యలన్నింటికంటే పెద్దది దొరికిందని దాని సారాంశం. 13,62,79,841 రెండ్లను ఒకదానితో ఒకటి గుణించి, వచ్చిన లబ్ధం నుంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్య అది. అందులో 4 కోట్ల 10 లక్షల 24 వేల 320 అంకెలున్నాయి. సెకనుకు ఒక అంకె చొప్పున రాత్రింబవళ్లు చదివినా 474 రోజులు దాటుతుంది. 1996 నుంచి సాగుతున్న 'గింప్స్' అనే స్వచ్ఛంద అన్వేషణలో భాగంగా అమెరికాకు చెందిన ల్యూక్ డురాంట్ దీన్ని కనుగొన్నారు. 2018లో దొరికిన పాత రికార్డు సంఖ్యలో అంకెలు రెండున్నర కోట్ల లోపే.

దీనివల్ల వెంటనే ఒరిగే ప్రయోజనమేమీ లేదు. అయినా మా తరగతి గదికి ఇందులో పనికొచ్చే పాఠాలున్నాయి.

మొదటిది: 2కు 2, 3, 5, 7 ఘాతాలు వేసి ఒక్కొక్కదాని నుంచి 1 తీసేస్తే 3, 7, 31, 127 వస్తాయి. నాలుగూ ప్రధాన సంఖ్యలే. తర్వాతి ప్రధాన సంఖ్య 11. దాన్ని ఘాతంగా వేస్తే వచ్చేది 2047. అది 23ను 89తో గుణిస్తే వచ్చే సంఖ్య, కాబట్టి ప్రధాన సంఖ్య కాదు. నాలుగుసార్లు నిజమైందని ఐదోసారీ నిజమవుతుందన్న పూచీ లేదని పిల్లలకు ఇంతకంటే బాగా చెప్పలేం.

రెండోది: 2 ఘాతాల చివరి అంకెలు 2, 4, 8, 6 వరసలో తిరుగుతుంటాయి. 13,62,79,841ని 4తో భాగిస్తే శేషం 1. కాబట్టి లబ్ధం చివరి అంకె 2. ఒకటి తీసేస్తే 1. నాలుగు కోట్ల అంకెల్లో చివరిదేదో తేల్చడానికి కంప్యూటరు అక్కర్లేదు.

లెక్కలు తెలుగులో చదివితే పిల్లలు వెనకబడరా అని తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతూనే ఉంటారు. పైన చేసిన ఆలోచనకు కావలసిన మాటలు ఘాతం, శేషం, లబ్ధం, ప్రధాన సంఖ్య. ఇవి ఇంటి భాషలో అర్థమైన పిల్లవాడికి ఇంగ్లిషులోనో, రాష్ట్ర భాషలోనో వాటి పేర్లు నేర్చుకోవడం కొద్ది వారాల పని. అర్థం కాకుండా పేర్లు మాత్రమే కంఠస్థం చేసినవాడికి ఏ మాధ్యమమూ అక్కరకు రాదు.

ఇబ్బంది లేదని మేము అనడం లేదు. రాజ్యాంగంలోని 350ఎ అధికరణం మాతృభాషలో బోధన గురించి చెప్పేది ప్రాథమిక దశ వరకే. ఆ పైన దారి మనమే వేసుకోవాలి. ఆరో తరగతి నుంచే ప్రతి లెక్కల మాటకూ పక్కన ఇంగ్లిషు మాట, రాష్ట్ర భాషలోని మాట రాయిద్దాం. ఇంట్లో మాత్రం ఆ లెక్క ఎలా చేశావో తెలుగులో చెప్పమని మీరు అడగండి. చెప్పగలిగితే అది వాడికి వచ్చినట్టే.