దీపం కింద చీకటి

తెలుగునాట విద్యకు మారుపేరుగా వెలిసిన పట్టణాలు రెండు. ఒకటి విజయనగరం. పూసపాటి ప్రభువుల ఆదరణలో సంస్కృత పాఠశాల, కళాశాల, సంగీత కళాశాల నెలకొనడంతో దానికి ‘విద్యలనగరం’ అన్న పేరు సార్థకమైంది. గురజాడ అప్పారావు, ఆదిభట్ల నారాయణదాసు వంటి మహనీయులు అక్కడ వెలుగొందారు. రెండవది కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలోని గద్వాల. దేశం నలుమూలల నుండి వచ్చిన కవిపండితులను అక్కడి సంస్థానాధీశులు ఏటా సత్కరించేవారు. అందుచేతనే అది ‘విద్వద్గద్వాల’గా కీర్తి గడించింది.

ఇంతటి ఘనచరిత్ర గల ఈ రెండు సీమల నేటి స్థితిని పరిశీలిస్తే ఆశ్చర్యమూ ఆవేదనా కలుగకమానవు. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏడేళ్లు నిండినవారిలో అక్షరాస్యులు 67 శాతం. హైదరాబాదు జిల్లాలో వారు 83 శాతం, పశ్చిమ గోదావరి జిల్లాలో సుమారు 75 శాతం. కాగా విజయనగరం జిల్లాలో 59 శాతం మాత్రమే. కోస్తా, రాయలసీమ జిల్లాలన్నింటిలో అదే అట్టడుగు. 2016లో ఏర్పడిన జోగులాంబ గద్వాల జిల్లా పరిధికి అవే లెక్కలను అన్వయిస్తే అక్షరాస్యత 50 శాతానికి కూడా చేరలేదు. తెలంగాణలో అదే కనిష్ఠం. అక్కడి స్త్రీలలో పదిమందికి సుమారు నలుగురు మాత్రమే చదువను వ్రాయను నేర్చినవారు. దీపం కింద చీకటి అన్న నానుడికి ఇంతకు మించిన నిదర్శనం ఉంటుందా?

ఈ వైపరీత్యానికి కారణం సుస్పష్టం. పాండిత్యం వేరు, ప్రజావిద్య వేరు. ఆస్థానంలో అష్టావధానం జరిగినంత మాత్రాన ఊరి చివర పశువుల కాపరికి ఓనమాలు రావు. రాజపోషణ కవికి కనకాభిషేకం చేసిందే గాని, కూలివాని బిడ్డ చేతికి పలక అందించలేదు. ప్రాచీన సాహిత్యాన్ని ప్రాణప్రదంగా భావించేవారే ఈ సత్యాన్ని ముందుగా అంగీకరించాలి. దీనివల్ల ఆ సాహిత్య గౌరవానికి లోటేమీ రాదు.

గోదావరి డెల్టా కథ ఇందుకు భిన్నమైనది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తికావడంతో కాలువలు పారాయి, పొలాలు పండాయి, సామాన్య రైతు ఇంట నాలుగు రూకలు మిగిలాయి. అదే ధవళేశ్వరంలో 1874లో కందుకూరి వీరేశలింగం బాలికల పాఠశాలను స్థాపించారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి పల్లెపల్లెకూ పుస్తకాన్ని చేర్చే ఉద్యమం బలపడింది. నీరు, బడి, గ్రంథాలయం ఈ మూడూ కలిసి అక్కడి విద్యకు పునాదులు వేశాయి. అదే కాలంలో నిజాం రాజ్యంలోని తెలుగు బిడ్డకు పైచదువు మాతృభాషలో లభించలేదు, ఉర్దూలోనే సాగవలసి వచ్చింది. పాలమూరు మెట్టభూములను కరువు వెన్నాడింది. బతుకుతెరువుకై వలస వెళ్లిన తల్లిదండ్రుల వెంట పిల్లలూ నడిచారు. నడిగడ్డలోని పత్తి విత్తనోత్పత్తి క్షేత్రాలలో పూలకు పుప్పొడి అద్దే పనిలో చిన్నారుల చేతులు చిక్కుకున్నాయి.

“పల్లెవారికి చదువుపై శ్రద్ధ లేదు” అని పట్టణవాసులు తేలికగా అంటూ ఉంటారు. ఈ మాటలో న్యాయం లేదు. అవకాశం కల్పించినప్పుడు పల్లెలు ఎన్నడూ వెనుకంజ వేయలేదు. గ్రామీణ విద్యార్థుల కోసం 1971లో సర్వేలులో ఆరంభమైన గురుకుల పాఠశాల ఎందరో ప్రతిభావంతులను తీర్చిదిద్దింది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు వయోజన విద్యాకేంద్రంలో నేర్చిన పాఠాల ప్రేరణతో 1992లో సారాపై సమరశంఖం పూరించారు. మరుసటి ఏడాదే ప్రభుత్వం సారాను నిషేధించింది. 1991లో 44 శాతంగా ఉన్న రాష్ట్ర అక్షరాస్యత ఇరవై ఏళ్లలో 67 శాతానికి పెరగడం కూడా ఇందుకు తార్కాణమే. కొరవడింది శ్రద్ధ కాదు, సదుపాయం.

అయితే నేడు ఆ సదుపాయాలు ఎక్కడ పోగుపడుతున్నాయి? ఇంటర్మీడియట్ చదువు కోసం వేలాది విద్యార్థులు హైదరాబాదుకో విజయవాడకో తరలిపోతున్నారు. ర్యాంకుల ప్రకటనలే విద్యాప్రగతికి కొలమానాలుగా చెలామణి అవుతున్నాయి. ఒక నగరంలో వంద కళాశాలలు వెలసినా, ఒక మండలంలో ఆడపిల్ల పదవ తరగతితో చదువు మానుకోవలసివస్తే దానిని ప్రగతి అనగలమా? నగరంలో ఆకాశహర్మ్యాలు నిర్మించే కూలీలలో ఎందరో పాలమూరు, ఉత్తరాంధ్ర పల్లెల నుండి వచ్చినవారే. వారి బిడ్డలు బడికి దూరమైతే, నగరం తన వైభవానికి మూల్యాన్ని పల్లె చేత చెల్లింపజేస్తున్నట్లే.

కనుక రాష్ట్ర సగటును చూసి సంతృప్తి చెందడం తగదు. సగటు అన్నది మిట్టను పల్లాన్ని కలిపి సమతలమని భ్రమింపజేస్తుంది. వెనుకబడిన మండలాలకే మొదట ఉపాధ్యాయులను నియమించాలి. బాలికలకు ఇంటికి చేరువలో జూనియర్ కళాశాల, వసతిగృహం, రాకపోకలకు బస్సు ఉండాలి. వలస వెళ్లే కుటుంబాల పిల్లలకు స్వగ్రామంలోనే వసతితో కూడిన బడి ఉండాలి. 2010 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం పద్నాలుగేళ్ల వయసు వరకే హామీ ఇస్తున్నది. అసలు పరీక్ష ఆ తరువాతనే మొదలవుతున్నది.

విద్యార్థులారా! మీరు నగరంలో చదువుతున్నా, పట్టణంలో చదువుతున్నా మీతో ఒకటవ తరగతిలో కూర్చున్నవారందరూ నేడు మీ పక్కన లేరు. వారు ఎక్కడ ఆగిపోయారో, ఎందుకు ఆగిపోయారో విచారించండి. విద్వాంసులను సత్కరించిన సీమ ధన్యమైనదే. నిరక్షరాస్యుడు ఒక్కడైనా మిగలని సీమ అంతకంటె ధన్యమైనది. ‘విద్యలనగరం’, ‘విద్వద్గద్వాల’ అన్న పేర్లు పూర్తిగా సార్థకం కావలసింది ఇకమీదనే.