బృందగానం అయిదుగురి సొత్తు కాదు

మదనపల్లె: ఆగస్టు 15 వస్తోందంటే చాలు, పల్లెటూళ్ల హైస్కూళ్లలో పాటల హడావుడి మొదలవుతుంది. వారం ముందు ఒక ఉపాధ్యాయుడు తరగతులన్నీ తిరిగి, గొంతు బాగున్న నలుగురైదుగురు పిల్లలను ఏరుకుంటారు. మైకు ముందు నిలబడేది వాళ్లే, బహుమతులందుకునేదీ వాళ్లే. మిగిలిన వందలమంది ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టి, మిఠాయి తీసుకుని ఇళ్లకు పోతారు. మర్నాటి నుంచి పాట ఊసే ఉండదు. దీనికి బృందగానమని పేరు పెట్టడం ఎంతవరకు సబబు?

నలుగురితో కలిసి మెలగాలని, ఎదుటివాడి మాట వినాలని నీతి పాఠాల్లో ఎన్నిసార్లు చెప్పినా పిల్లలు పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోతారు. కలిసి పాడేటప్పుడు అలా కుదరదు. పక్కవాడి గొంతు చెవిన పడకపోతే శ్రుతి కలవదు. ఒకడు గొప్ప కోసం బిగ్గరగా అరిస్తే పాట మొత్తం పాడవుతుంది. చరణం చివర దీర్ఘం దగ్గర అందరూ ఒకేసారి ఊపిరి తీసుకుంటే పాట తెగిపోతుంది. ఒకరు ఊపిరి పీల్చుకునే లోపల పక్కవారు దాన్ని నిలబెట్టాలి. తర్వాత వీరి వంతు వారు మోయాలి. సహకారమంటే ఏమిటో ఇంతకంటే తేటగా చెప్పే పాఠం ఏ పుస్తకంలో ఉంది?

రోజూ పాడే జాతీయగీతాన్నే చూడండి. పూర్తి గీతానికి నిర్ణయించిన సమయం సుమారు 52 సెకన్లు. చాలా బడుల్లో ముందు వరుస పిల్లలు పరుగెత్తి ముగిస్తారు, వెనుక వరుస వారు ఇంకా సాగదీస్తూనే ఉంటారు. అందరూ ఒక్క క్షణాన ఎత్తుకుని ఒక్క క్షణాన ముగించడం నేర్చుకున్న బడిలో మిగతా క్రమశిక్షణ కూడా తేలిగ్గా అలవడుతుంది.

ఇది పల్లెలకు తెలియని విద్య కాదు. చెక్కభజనలో ఒకడు అడుగు తప్పితే వరుసంతా చెదురుతుంది. కోలాటంలో ఒక కోల ఆలస్యమైతే పక్కవాడి వేళ్లకు దెబ్బ తగులుతుంది. నాట్లు వేసే ఆడవాళ్లు ఒకరు పాట చెబుతుంటే మిగిలినవారు అందుకుంటూ పొద్దు తెలియకుండా మడి ముగిస్తారు. పెద్దలు పొలంలోనూ గుడి ముందరా నేర్చిన ఆ ఒద్దిక పిల్లలకు బడిలో ఎందుకు అందకూడదు?

మదనపల్లెకు ఈ విషయంలో గొప్ప చరిత్రే ఉంది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడి బీసెంట్ థియొసాఫికల్ కళాశాలకు వచ్చినప్పుడు జనగణమన పాడి వినిపించగా విద్యార్థులు పల్లవి అందుకున్నారు. ఆ గీతాన్ని ఆయన ఆంగ్లంలోకి అనువదించిందీ ఇక్కడే. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ దానికి స్వరాలు రాసిపెట్టారు. చిత్తూరులో 1925లో పుట్టిన సంగీత దర్శకుడు ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసు యూత్ కాయిర్‌ను నెలకొల్పి, పలు భారతీయ భాషల పాటలను బృందంగా పాడించారు. 1988లో కన్నుమూసే వరకు బృందగానాన్ని ఆయన వదల్లేదు. అలాంటి గడ్డ మీద పాటల పీరియడును లెక్కల పీరియడు మింగేస్తున్నదంటే విచారించవలసిన విషయం.

పాటలు కూడు పెడతాయా అని తల్లిదండ్రులు అడుగుతారు. పదో తరగతి మార్కుల భయం వారిది. వారానికి రెండు పీరియడ్లతో మార్కులేమీ తరిగిపోవు. సంగీతం మాస్టారు లేరని ప్రధానోపాధ్యాయులు అంటారు. భజన మందిరంలో హార్మోనియం ఉంది, వాయించే పెద్దమనిషి ఊళ్లోనే ఉన్నాడు. పిలిచి అడిగితే కాదనేవారు తక్కువ.

అయితే పాట ఒక్కటే పిల్లలను మంచివాళ్లను చేయదు. నేర్పే తీరు ముఖ్యం. స్వరం తప్పిన పిల్లవాణ్ణి నలుగురిలో ఎగతాళి చేస్తే వాడు నేర్చుకునేది భయమే. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి మగపిల్లల గొంతు మారుతుంది. తోటివారు నవ్వుతారని వాళ్లు నోరు మూసుకుంటారు. వారికి కింది శ్రుతి ఇవ్వాలి, లేదా తాళం అప్పగించాలి. అంతేగాని పక్కన కూర్చోబెట్టకూడదు. పెత్తందారుల పిల్లలు మధ్యలో, పేటల పిల్లలు వెనుక అనే పద్ధతి ఎక్కడున్నా దాన్ని ముందు తీసివేయాలి. నిలబడే చోటు ఎత్తును బట్టి, గొంతును బట్టి ఉండాలి గాని ఇంటిపేరును బట్టి కాదు. పాట ఎత్తుకునే అవకాశం వారానికి ఒకరికి చొప్పున మారుతూ రావాలి. ఏ మతం పిల్లలైనా మొహమాటం లేకుండా గొంతు కలపగల పాటలనే ఎంచుకోవాలి.

విద్యాశాఖాధికారులు తనిఖీకి వచ్చినప్పుడు రిజిస్టర్లతో పాటు ఒక పాట కూడా వినాలి. ఎంత బాగా పాడారని మాత్రమే గాక, ఎంతమంది పాడారని కూడా అడగాలి. బృందగానం పోటీల్లోనూ ఆ లెక్కకు మార్కులుండాలి. వచ్చే జనవరి 26న ప్రతి బడిలోనూ మైకును పక్కన పెట్టి, పిల్లలందరిచేతా ఒక్క పాట పాడించి చూడాలి. ఈనాడు వరుసలో పక్కవాడి గొంతు వినడం నేర్చిన పిల్లలు రేపు పంచాయతీలో ఎదుటివాడి మాట కూడా వింటారు. ఊళ్లకు ఇప్పుడు కావలసింది అదే.