బండి యీడు కాదు, బండి యూపిరి చూడవలయును

పసుపు అంగడికి చేరు దినములలో ధర్పల్లి నుండి ఆర్మూరునకును నిజామాబాదునకును పోవు దారులు బండ్లతో క్రిక్కిఱిసి యుండును. బస్తాలు నింపిన ట్రాక్టర్లును లారీలును మెల్లగా సాగుచుండ, వాని నడుమనుండి పాత కారొకటి పెద్ద చప్పుడుతో దూసికొనిపోవుట మన చదువరులు ఎఱుగని దృశ్యము గాదు. అట్టి కారునకు తఱచుగా ఏపీ 25 అను సంఖ్య యుండును. అనగా 2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడుటకు ముందే అది మన జిల్లాలో రిజిస్టరైనదన్న మాట. 106 అశ్వశక్తుల హోండా సిటీ వీటెక్, 150 అశ్వశక్తుల స్కోడా ఆక్టేవియా ఆర్.ఎస్. వంటి కార్లు 2000 తరువాతి యేండ్లలో ధనికుల వాకిళ్ల నలంకరించినవి. నేడవి అగ్గువ ధరకు చేతులు మాఱి, వేగమునందు మోజుగల యువకుల పాలైనవి. మంచి యంత్రమును ప్రేమించి, దానిని బ్రతికించుకొనువారిని మేము నిందింపబోము. వారి చేతనున్న పొల్యూషన్ సర్టిఫికేటు నిజము పలుకుచున్నదా యని యడుగుట మాత్రము మా విధి.

చట్టము ఈ విషయమున మెత్తగా లేదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమములలో 115వ నియమము ప్రకారము, రిజిస్టరై యేడాది గడచిన ప్రతి బండియు ఈ పత్రమును కలిగి యుండవలయును. బి.ఎస్.-4, ఆపై ప్రమాణముల బండ్లకు అది యొక సంవత్సరమును, అంతకు పాతవానికి ఆఱు మాసములును చెల్లును. 2019లో చట్టమును సవరించిన పిదప, కాలుష్యపు హద్దులను మీఱినవారికి పదివేల రూపాయల వఱకు జుల్మానా గాని, మూడు మాసముల వఱకు కారాగారము గాని విధింపవచ్చును. 2021లో దేశమంతటికి నొకే తీరు పత్రమును నిర్ణయించి, దానిని వాహన్ అను జాతీయ పట్టికతో ముడిపెట్టిరి. కాగితమునకు కావలి చక్కగా కుదిరినది. ఆ కాగితము వెనుకనున్న పొగకు కావలి కుదిరినదా?

ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న, ఇంజిను ఊపిరి పీల్చి విడుచు తీరు కొంచెము తెలిసికొనవలయును. ఒక పాలు పెట్రోలు సంపూర్ణముగా మండుటకు తూకమున 14.7 పాళ్ల గాలి కావలయును. గాలి చాలని యెడల పెట్రోలు అరకొరగా కాలి, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు వెలువడును. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తములోని హీమోగ్లోబినును అది ప్రాణవాయువుకంటె రెండువందల రెట్లకు మించిన పట్టుతో పట్టుకొనును. గాలి కొంత హెచ్చైన యెడల నైట్రోజన్ ఆక్సైడులు పెరుగును. ఇవి యెండలో మాఱి, ఊపిరితిత్తులను మండించు ఓజోను వాయువు పుట్టుటకు కారణమగును. ఈ రెంటి నడుమ త్రాసు సరిగా నిలిచినప్పుడే, పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరు తనయందలి ప్లాటినము, పలాడియము, రోడియము లోహముల బలముచేత ఆ విషములను హరింపగలదు. ఈ త్రాసునకు ముల్లు వంటిది ఆక్సిజన్ సెన్సరు.

ఇది బొటనవ్రేలి పాటి వస్తువు. ఇంజిను నుండి పొగ వచ్చు గొట్టములో బిగింపబడి యుండును. దానిలోపల జిర్కోనియాతో చేసిన చిన్న పింగాణి టోపీ గలదు. టోపీకి ఒక వైపు పొగ, రెండవ వైపు బయటి గాలి. సుమారు 300 డిగ్రీలకు మించి వేడెక్కిన పిమ్మట, రెండు వైపుల ప్రాణవాయువు నందలి భేదమును బట్టి అందు కొద్దిపాటి విద్యుత్తు పుట్టును. పెట్రోలు హెచ్చైన 0.9 వోల్టునకు చేరువగాను, గాలి హెచ్చైన 0.1 వోల్టునకు చేరువగాను అది సూచించును. ఆ సూచనను చదివి, కారులోని కంప్యూటరు క్షణక్షణమును పెట్రోలును సరిదిద్దును. ఇట్లు విద్యుత్తు పుట్టు సూత్రమును 19వ శతాబ్దమున జర్మను శాస్త్రజ్ఞుడు వాల్టర్ నెర్న్‌స్ట్ తెలిపెను. బాష్ కంపెనీవారు చేసిన ఈ సెన్సరు 1976లో మొదటిసారి వోల్వో కార్లలో నెక్కెను. పెట్రోలులోని సీసము కన్వర్టరునకును సెన్సరునకును విషము. కనుక సీసములేని పెట్రోలు 1995లో నాలుగు మహానగరములకును, 2000లో దేశమంతటికిని వచ్చిన తరువాతనే మన దేశమున ఈ యేర్పాటు వేళ్లూనెను.

సెన్సరు శాశ్వతము గాదు. లోపల వేడిచేయు తీగ లేని పాతరకములు సుమారు 80,000 కిలోమీటర్లకును, తీగ గలవి సుమారు 1,60,000 కిలోమీటర్లకును అలసిపోవును. నూనె కాల్చు ముసలి ఇంజినులో దాని యాయువు మఱింత తగ్గును. అది చచ్చినను కారు ఆగదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది. కంప్యూటరు దిక్కు తెలియక, ఇంజిను చెడకుండుటకై పెట్రోలును హెచ్చుగా పోయును. మైలేజి పడిపోవును, కన్వర్టరు మితిమీఱిన వేడికి లోలోపల కరగి మూసికొనిపోవును. అప్పుడు కొందఱు మెకానిక్కులు చెప్పు వైద్యము రోగముకంటె చెడ్డది. కన్వర్టరును కోసివేసి ఖాళీ గొట్టము నతికింతురు. సెన్సరు స్థానమున కల్ల సంకేతము నిచ్చు చిన్న ముక్కను తగిలించి కంప్యూటరును మోసగింతురు. చప్పుడు పెరుగును, చప్పుడును చూచి బలము పెరిగినదని యువకుడు మురియును. అట్టి మార్పునకు మోటారు వాహన చట్టము 182-ఎ సెక్షను క్రింద మార్పొక్కంటికి ఐదువేల రూపాయల జుల్మానా గాని, ఆఱు మాసముల వఱకు కారాగారము గాని గలదని ఆ మురిపెములో నెవరును చెప్పరు.

ఇక పరీక్ష సంగతి. రోడ్డుప్రక్క నిలిచిన వ్యానులో గాని, పెట్రోలు బంకునందు గాని, కదలక నిలిచియున్న కారు గొట్టములో ఒక కడ్డీని దూర్చి, వెలువడు వాయువును కొలతురు. బి.ఎస్.-2, బి.ఎస్.-3 పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడు నూటికి 0.5, హైడ్రోకార్బనులు పదిలక్షలకు 750 వంతులు మించరాదు. బి.ఎస్.-4 కార్లకు ఆ హద్దులు 0.3, 200. వీనిని ఇంజిను నిమిషమునకు 2,500 చుట్లు తిరుగునప్పుడు మఱల కొలిచి, గాలి పెట్రోలుల పాళ్లు 0.97, 1.03 లకు నడుమ నున్నవో లేవో చూడవలెనని నియమము. అనగా సెన్సరు బ్రతికియున్నదా యని యడుగు ప్రశ్న కొత్త కార్లకే గాని, ఆ ప్రశ్న యెక్కువగా నవసరమైన పాత కార్లకు లేదు. నైట్రోజన్ ఆక్సైడులను ఈ పరీక్ష యే బండియందును కొలువదు. నిలిచియున్న ఇంజినులో అవి పెద్దగా పుట్టవు గూడ. ఇందువలన రెండు అన్యాయములు జరుగుచున్నవి. సెన్సరు వేడెక్కకమునుపే కొలిచినందున మంచి కారు తప్పిపోవచ్చును. ఒక గడియ పెట్రోలును బిగించి గాలిని పెంచినందున చెడ్డ కారు నెగ్గిపోవచ్చును.

పరీక్ష జరిగెడి చోట ఇది గతి. జరుగని చోటు మాటేమి? 2025 ఏప్రిలులో ఢిల్లీ శాసనసభ ముందుంచిన కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ నివేదికలో, హద్దులను మించిన లక్షకు పైగా బండ్లకు సర్టిఫికేట్లు లభించినట్లు తేలెను. రాజధానిలోనే అట్లైన, మండల పట్టణములలో నెట్లుండునో చదువరులే యూహింపగలరు. మోసము చిన్నవారి సొత్తని తలపరాదు. 2015 సెప్టెంబరులో ఫోక్స్‌వాగన్ కంపెనీ తన డీజిలు కార్లలో పరీక్షను పసిగట్టి అప్పటికి మాత్రము శుభ్రముగా నడచు ఉపాయమును దాచినట్లు బయటపడెను. ప్రపంచమంతట కోటికి మించిన కార్లు అట్టివే. ఆ గుట్టు తెలిసినది గదిలోని పరీక్షచేత గాదు. అమెరికాలో వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయమువారు కారును రోడ్డుమీద నడిపించి కొలిచినందున.

పరీక్షయందు నమ్మకము లేనప్పుడు ప్రభుత్వములు సులభమార్గమును వెదకును. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లను, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లను నిషేధించుట అట్టి మార్గమే. జాతీయ హరిత ధర్మాసనము మొదలుపెట్టిన ఆ నిషేధమును సుప్రీముకోర్టు 2018లో నిలిపియుంచెను. 2025 జూలై 1న అట్టి బండ్లకు పెట్రోలు పోయరాదని యాజ్ఞ వెలువడి, ప్రజల గగ్గోలుతో కొలది దినములలోనే ఆగిపోయెను. ఆగస్టులో కోర్టు ఆ యజమానులపై కఠినచర్య వలదనెను. డిసెంబరులో ఆ రక్షణను బి.ఎస్.-4, ఆపై బండ్లకే పరిమితము చేసెను. ఈ త్రిప్పటలు మనకొక పాఠము. ఈడును చూచి తీర్పు చెప్పుట తేలిక. కాని పదునెనిమిదేండ్ల కారు చక్కని సెన్సరుతో శుభ్రముగా నడువవచ్చును. ఎనిమిదేండ్ల కారు కోసివేసిన గొట్టముతో వీధినంతయు విషము చేయవచ్చును. పుట్టిన యేడు నేరము గాదు. విడిచిన పొగయే నేరము. ఆ న్యాయము మన జిల్లాలో నిలువవలెనన్న, పాత కార్ల యజమానులే నిజమైన పరీక్షను కోరవలయును. దొంగ సర్టిఫికేటు కొనువాడు తన కారునకు కాక, రేపటి నిషేధమునకు బలము కొనుచున్నాడు.

ఇటీవలి యింకొక మార్పు ఈ విషయమును తొందరపెట్టుచున్నది. 2025 నాటికి పెట్రోలులో నూటికి 20 పాళ్లు ఇథనాలు కలియుచున్నది. ఇథనాలు తనలోనే ప్రాణవాయువును కలిగియుండుటచే, అది మండుటకు తొమ్మిది పాళ్ల గాలియే చాలును. 20 పాళ్ల మిశ్రమమునకు సుమారు 13.5 పాళ్లు. మంచి సెన్సరు గల కారు ఈ భేదమును చాల మట్టుకు తానే సరిదిద్దుకొనును. సెన్సరు చచ్చిన కారు పాత లెక్కతోనే పోవుచుండును. పాత కారునకు కొత్త పెట్రోలు సరిపడలేదని మొఱపెట్టువారు, ముందుగా సెన్సరును పరీక్షింపించుట మేలు.

పాత కార్లను మన్నించుచునే గాలిని కాపాడుకొనుట సాధ్యమా? సాధ్యమే. కాలిఫోర్నియాలో నివసించు మన తెలుగు కుటుంబములు అచ్చటి స్మాగ్ చెక్ అను పరీక్షను బాగుగా నెఱుగును. ఆ పరీక్ష తఱచుగా రెండేండ్లకొకమాఱు వచ్చును. 1976 మొదలు 1999 వఱకు చేసిన కార్లను పొగమంచు హెచ్చగు ప్రాంతములలో తిరుగు దిమ్మెలమీద నెక్కించి, నడచుచుండగా కొలతురు. నైట్రోజన్ ఆక్సైడులను గూడ కొలతురు. 2000 నుండి వచ్చిన కార్లయందు కంప్యూటరులో నిలిచిన తప్పుల పట్టికను చదువుదురు. సెన్సరు చచ్చినదా, కన్వర్టరు పనిచేయుచున్నదా యను సంగతిని ఆ పట్టికయే చెప్పును. మన దేశమునందును 2010 తరువాతి బి.ఎస్.-4 కార్లలో అట్టి పట్టిక మెల్లమెల్లగా చేరినది. దానిని చదువు పనిముట్టు నేడు సామాన్యమైన మెకానిక్కు చేతనే యున్నది. సర్టిఫికేటు నిచ్చు బల్లమీద మాత్రము దానికి చోటు లేదు.

మా కోరికలు పెద్దవి గావు. మొదటిది, ఇంజిను వేడెక్కిన తరువాతనే కొలువవలయును. రెండవది, ఆక్సిజన్ సెన్సరు గల ప్రతి కారునకును, అది యే యేటిదైనను, గాలి పెట్రోలుల పాళ్లను చూడవలయును. మూడవది, తప్పుల పట్టిక గల కారునందు దానిని చదువక సర్టిఫికేటు నీయరాదు. నాల్గవది, కొలుచు యంత్రము సరిగా నున్నదో లేదో అధికారులు అనుకోని వేళ వచ్చి చూడవలయును. కాటాకు ముద్ర వేయుట మన అంగడి యెఱుగును. పొగకాటాకు మాత్రము ఏల మినహాయింపు?

యువకులతో ఒక్క మాట. కొత్త సెన్సరు వెల మీకు బరువుగా తోచవచ్చును. వృథాగా కాలు పెట్రోలును, కరగిపోవు కన్వర్టరును, పదివేల జుల్మానాను కలిపి లెక్క వేసి చూడుడు. మీ కారు నెవరు రూపొందించిరో వారు దానిని ఈ సెన్సరుతోనే పరుగెత్తించిరి. దానిని తీసివేసి మీరు పెంచునది చప్పుడే. మెకానిక్కులతో నింకొక మాట. మీ యెదుట సర్టిఫికేటు కోరి నిలుచువాడు పోయిన పిదప, అతని పొగ మీ షెడ్డు ముందు రోడ్డుమీదనే నిలుచును. దానిని పీల్చువారిలో మీ పిల్లలును ఉందురు.

పసుపు కొనువాడు కొమ్ముమీది మెఱుగును చూచి మోసపోడు. చేత విఱిచి లోని రంగు చూచును. మెఱుగు పెట్టుట తేలిక యనియు, లోపలి సత్త దాగదనియు తరతరముల బేరము మన వారికి నేర్పినది. ఆ తెలివి ఒక్క పసుపునకే చాలించుకొననేల? సర్టిఫికేటును చూపినవానిని, కొలత యెంత వచ్చినదని యడుగుడు. ఇచ్చువానిని, ఎట్లు కొలిచితివని యడుగుడు. అధికారిని, కొలుచువానిని ఎవరు కొలిచిరని యడుగుడు. పఠన మందిరములలో మొదలైన ప్రశ్న పంచాయతీకి చేరి, అచ్చటనుండి జిల్లా రవాణా కార్యాలయమునకు చేరిననాడు, కాగితము వెనుక గాలి తనంతట శుభ్రపడుట మొదలుపెట్టును.