ముందు లెక్కల సారును పంపండి

పదో తరగతి ఫలితాలు వచ్చిన మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఒక పట్టిక వేస్తారు. మండలంలో ఏ సర్కారు బడికి ఎంత శాతం అని. పైన గురుకులం, మోడల్ స్కూలు, కస్తూర్బా. అట్టడుగున ఏదో ఒక పల్లె జిల్లా పరిషత్ హైస్కూలు. హెడ్మాస్టరుకు సంజాయిషీ నోటీసు వెళ్తుంది. ‘ఆ బళ్లో చదువు లేదు’ అని ఊరంతా అనుకుంటుంది. జూన్‌లో ఇంకొందరు టీసీలు తీసుకుపోతారు. ఏటా ఇదే జరుగుతోంది, ఏటా చూసి ఊరుకుంటున్నాం.

పోల్చాలనుకుంటే పోల్చండి. కానీ అన్నీ పోల్చండి!

గురుకులంలో ఐదో తరగతికి, మోడల్ స్కూల్లో ఆరో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంది. అంటే నాలుగో తరగతి పిల్లలనే ప్రభుత్వం జల్లెడ పడుతోంది. జిల్లా పరిషత్ బడికి ఏ పరీక్షా లేదు. ఇటుక బట్టీల నుంచి సంవత్సరం నడుమ తిరిగొచ్చిన పిల్లను చేర్చుకోవాలి. ప్రైవేటు ఫీజు కట్టలేక మానేసి వచ్చినవాణ్ణి చేర్చుకోవాలి. ఎనిమిదిలోకొచ్చినా వాక్యం చదవలేని పిల్లవాణ్నీ చేర్చుకోవాలి. చేర్చుకుంటోంది. ఆ బడి చేస్తున్న అన్నిటికన్నా పెద్ద పని అదే. పట్టికలో ఆ బడిని కిందికి లాగుతున్నదీ అదే.

మా పాలమూరులో, ముఖ్యంగా గద్వాల నడిగడ్డలో, ఈ తేడా కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2011 జనగణనలో అక్షరాస్యత యాభై శాతం కూడా అందని నేల అది. సీడు పత్తి క్రాసింగ్ మొదలైతే చాలు, ఆడపిల్లల హాజరు పడిపోతుంది. చిన్న వేళ్లతో పూలకు పుప్పొడి అద్దే పని కదా, పిల్లలనే పిలుస్తారు. గురుకులం పిల్ల ఆ వేళకు హాస్టల్లో స్టడీ అవర్‌లో ఉంటుంది. హైస్కూలు పిల్ల చేలో ఉంటుంది. మార్చిలో ఇద్దరి ముందూ ఒకే ప్రశ్నపత్రం పెట్టి, ఆ పిల్లకు తెలివి లేదని, ఆ సారుకు చిత్తశుద్ధి లేదని తేల్చేస్తున్నాం. ఇంత అన్యాయం ఎట్లా మింగుడు పడుతోంది మనకు?

గురుకులం పిల్లల మీద నాకు ఈర్ష్య లేదు. 1971లో సర్వేలులో మొదటి గురుకులం పెట్టడం మంచి పనే. వాళ్లకూ కలుషితాహారం బాధలు, ఇరుకు గదులు ఉన్నాయి, వాటి మీదా కోపం రావాల్సిందే. నా కోపం మంచి బడి ఒకటి కట్టి మిగతావాటిని వదిలేసే పద్ధతి మీద. పీఎం శ్రీ పథకం మార్గదర్శకాలే చూడండి. బ్లాకుకు గరిష్ఠంగా రెండు బళ్లు, ఒకటి ప్రాథమిక స్థాయిది, ఒకటి ఉన్నత స్థాయిది. మిగిలిన హైస్కూళ్ల పిల్లలు ఏం పాపం చేశారు? బళ్లను బాగు చేస్తామని రాష్ట్రం తెచ్చిన ‘మన ఊరు మన బడి’లో 26,065 బళ్లకు గాను మొదటి విడతకు తీసుకున్నవి 9,123, అవీ పిల్లలు ఎక్కువున్నవి. బాగు లేదని పిల్లలు పోతారు, పిల్లలు పోయారని బాగు చేయరు.

ఇక సార్ల సంగతి. 2017 నోటిఫికేషన్ నియామకాల తర్వాత తెలంగాణలో మళ్లీ డీఎస్సీ టీచర్ల నియామకాలు జరిగింది 2024లోనే. ఈ నడుమ సార్లు రిటైరవుతూనే ఉన్నారు. 2020లో కరోనా పేరు చెప్పి విద్యా వలంటీర్లను ఆపారు, బళ్లు ఊడ్చేవాళ్లనూ ఆపారు. లెక్కల సారును ‘సర్దుబాటు’ అని వారంలో మూడు రోజులు ఇక్కడ, మూడు రోజులు పక్క ఊళ్లో తిప్పారు. అడగాల్సిన మండల విద్యాధికారి కూడా ఏళ్ల తరబడి చాలా చోట్ల ఇన్‌చార్జే, ఇంకో హైస్కూలు హెడ్మాస్టరే. ఆ మనిషి ఏ బడిని చూసుకోవాలి?

2025-26లో తెలంగాణ బడ్జెట్ మూడు లక్షల కోట్లు దాటింది. అందులో విద్యకు పెట్టింది 23,108 కోట్లు, ఎనిమిది శాతం కూడా లేదు. పైసలే కాదు, పిల్లలూ వేరైపోయారు. ఉమ్మడి బడి కావాలని, కలిగినవాడూ లేనివాడూ ఒకే గదిలో కూర్చోవాలని కొఠారీ కమిషన్ 1966లోనే రాసిచ్చింది. ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకే పంపాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఆదేశించింది. ఆ ఆదేశం వచ్చిన రాష్ట్రంలోనూ అది కాగితం దాటలేదు. ఎమ్మెల్యేల పిల్లలు ఈ హైస్కూళ్లలో లేరు, కలెక్టర్ల పిల్లలు లేరు, నిజం చెప్పాలంటే చాలామంది సార్ల పిల్లలూ లేరు. అందుకే ఏడాదంతా లెక్కల సారు లేకున్నా ఒక్క రాస్తారోకో జరగదు. కరెంటు రెండు గంటలు పోతే సబ్‌స్టేషన్ ముందు కూర్చునే ఊరు, బడి ముందు కూర్చోదు!

ఈసారి ఫలితాలొచ్చినప్పుడు శాతం అడిగే ముందు నాలుగు మాటలు అడగండి. ఆ బడికి లెక్కల సారు ఏ నెలలో వచ్చాడు? సైన్సు సారు ఉన్నాడా? ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా? క్రాసింగ్ రోజుల్లో ఎంతమంది బడికి రాలేదు? సంజాయిషీ నోటీసు ఆ హెడ్మాస్టరుకు కాదు, ఈ జవాబులు ఇవ్వాల్సినవాళ్లకు పంపండి.