పడవ ప్లాన్ మీద మన సంతకం కూడా ఉండాలి

ఇంట్లోనే పడవ కట్టుకుందామనుకునే కుటుంబాలు మన సింగరేణి కాలనీల్లో ఎన్ని ఉంటాయి? వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా ఈ సంగతి రాస్తున్నాను. ఎందుకంటే పడవ ప్లాన్ ఎంచుకునేటప్పుడు జరిగేదే ఇల్లు కట్టేటప్పుడూ, మంచం కొనేటప్పుడూ, బీరువా కొనేటప్పుడూ జరుగుతుంది. బొమ్మ చూసి ఒకరు మోజు పడతారు, బరువు ఇంకొకరు మోస్తారు. అందుకే ఎత్తేవాళ్లను అడగకుండా ప్లాన్ ఎంచుకోవద్దంటాను.

దసరాకు లాభాల వాటా డబ్బులు పడ్డప్పటి నుంచీ మా ఇంట్లో ఈ పడవ గొడవ నడుస్తోంది. మా ఆయన బాయిలో ఫిట్టర్. మరిది రోజుకో పడవ ఫోన్‌లో చూపిస్తాడు. తెడ్లతో నడవాలి, గాలి ఉంటే తెరచాప ఎత్తాలి, ఒడ్డున ఒక రాత్రి డేరా వేసుకునేంత సామాను పట్టాలి. ఇంతవరకు అందరిదీ ఒకటే కోరిక, నాదీ అదే. పేచీ ఎంత పెద్దది అన్న దగ్గరే.

"వదినా, పడవంటే 16 ఫీట్లన్న ఉండాలె. గింత చిన్నదాంట్ల ఏం పోతం?" అంటాడు మరిది.

"మరి ఒడ్డు మీదికి ఎవరు గుంజుతరు?" అంటే ఫోన్ జేబులో పెట్టుకుంటాడు.

"బొగ్గుబాయోళ్లకు పడవెందుకమ్మా?" అనేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ముందు జవాబు చెప్పి ముందుకు పోతాను. మన ఊరి పేరులోనే గోదావరి ఉంది. 20 టీఎంసీల ఎల్లంపల్లి ప్రాజెక్టు మన పక్కనే ఉంది. ఇక పడవ షోకు డబ్బున్నవాళ్లదే అనుకుంటే, బ్రిటన్‌లో జరిగిన సంగతి వినండి. 1960ల మొదట్లో అక్కడి డైలీ మిర్రర్ పత్రిక, మామూలు కుటుంబాలు ఇంట్లో కట్టుకోగల పడవ కావాలనుకుంది. టీవీలో ఇంటి మరమ్మతులు నేర్పే బారీ బక్‌నెల్, పడవల డిజైనర్ జాక్ హోల్ట్ కలిసి దాన్ని తయారు చేశారు. 1963లో సామానంతా కలిపి 63 పౌండ్ల 11 షిల్లింగులకు అమ్మారు. పేరు మిర్రర్, తెరచాప ఎరుపు. ఇప్పటికి 70 వేలకు పైగా కట్టారు. కార్ల షెడ్లలో, ఇళ్లలో మొగుడూ పెళ్లాలు, పిల్లలు కలిసి కట్టిన పడవలు అవి.

కట్టే పద్ధతి మనకు కొత్తేం కాదు. ప్లాన్ అంటే జాకెట్టు కటింగ్ కాగితం లాంటిదే. ప్లైవుడ్‌ను గీత ప్రకారం కోసి, అంచులకు చిన్న చిన్న రంధ్రాలు పెట్టి, రాగి తీగతో కుడతారు. కుట్టేసరికి చదును చెక్క వంపు తిరిగి పడవ ఆకారానికి వస్తుంది, గుడ్డకు డాట్లు వేస్తే వంపు వచ్చినట్టు. తర్వాత లోపలా బయటా కుట్ల మీద ఫైబర్ గ్లాస్ పట్టీ వేసి, రెజిన్‌తో అతికిస్తారు. మిషను కుట్టే ఆడవాళ్లకు ఈ పని సగం వచ్చినట్టే. అలాంటప్పుడు ప్లాన్ చూసేటప్పుడు మనల్ని చాయ్ పెట్టమని లోపలికి పంపడం ఏం న్యాయం?

ఇప్పుడు బరువు లెక్క మన భాషలో చూద్దాం. ఒక బియ్యం సంచి 25 కిలోలు. నిండు గ్యాస్ సిలిండర్ సుమారు 30 కిలోలు. ఈ రెండు బరువులు మన నడుములకు బాగా తెలుసు.

పిల్లల కోసం 1947లో అమెరికాలో క్లార్క్ మిల్స్ గీసిన ఆప్టిమిస్ట్ పడవ ఒట్టి డొల్ల 35 కిలోలు. హుస్సేన్ సాగర్‌లో పిల్లలు తెరచాప నేర్చుకునేది ఇలాంటి పడవల మీదే. కానీ అది ఒక పిల్లకో పిల్లాడికో సరిపోయేది, కుటుంబానికి చాలదు. మిర్రర్ డొల్ల 45.5 కిలోలు, పొడవు 10 అడుగుల 10 అంగుళాలు. చెరో వైపు ఇద్దరు పడితే ఒక్కొక్కరి మీద బియ్యం సంచి కన్నా తక్కువే. ఆస్ట్రేలియా డిజైనర్ మైకేల్ స్టోరర్ గీసిన గోట్ ఐలాండ్ స్కిఫ్ పదిహేనున్నర అడుగులు, డొల్ల సుమారు 60 కిలోలు. అంత పొడవుకు అది చాలా తేలిక. అయినా తలా ఒక నిండు సిలిండర్. ఇక మా మరిది చూపించే గది ఉన్న పడవలు, రెండు తెరచాపల పడవలు అయితే ఇద్దరితో కదిలేవి కావు.

ఈ లెక్క డొల్లదే. తెరచాప, దాని కొయ్య, తెడ్లు, చుక్కాని, లంగరు వేరే. 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఒక్కటే 20 కిలోలు. అందుకే ఒట్టి డొల్ల 50 కిలోలు దాటితే మా ఇంట్లోకి రాదని చెప్పేశాను.

"నలుగురం పడితే ఎంతసేపు?" అంటారు మగవాళ్లు. ఆ నలుగురు ఎక్కడ దొరుకుతారో సింగరేణి ఇల్లాలిని అడగండి. ఒకరు ఫస్ట్ షిఫ్ట్, ఒకరు సెకండ్ షిఫ్ట్, ఒకరు నైట్ చేసి పడుకుని ఉంటారు, నాలుగో మనిషికి ఆదివారం ప్లే డే మస్టరు దొరికింది. నలుగురు కావాల్సిన పడవ నీళ్ల మొహం చూడదు. క్వార్టర్ పక్కన బోర్లా పడి కోళ్ల గూడవుతుంది. ఇద్దరు ఎత్తగలిగిన పడవ పిల్లల సెలవు రోజున మా ఆయన లేకపోయినా బయల్దేరుతుంది. తేలిక అంటే నాకు అర్థం అదే, ఇంకొకరి షిఫ్టు కోసం ఎదురుచూడకుండా నీళ్ల దాకా పోగలగడం.

రెండో పేచీ గట్టిదనం మీద. బాయిలో పనిచేసేవాళ్లకు కప్పు కూలకుండా దిమ్మెలు పెట్టే అలవాటు. ఏదైనా మందంగా ఉంటేనే మనసు కుదుట పడుతుంది. "6 మిల్లీమీటర్లు ఏం ఆగుతది, 9 వెయ్యాలె" అంటారు. 8 అడుగులకు 4 అడుగుల ప్లైవుడ్ 6 మిల్లీమీటర్లది ఒక్కోటి ఇంచుమించు 12 కిలోలు. 9 అయితే 18. నాలుగు షీట్లకు 24 కిలోలు తేడా, అంటే ఒక బియ్యం సంచిని జీవితాంతం పడవలో కట్టుకుని తిరగడమే. కోతల్లో కొంత పోయినా మిగతాది మన నడుము మీదే. పడవకు బలం వంపులో, అడ్డుగోడల్లో, కుట్ల మీద పట్టీలో ఉంటుంది. గీసినవాళ్లు 6 అంటే 6. మీ ఇష్టం వచ్చినట్టు మందం పెంచితే ప్లాన్‌కు డబ్బులిచ్చి ఏం లాభం? ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ అడగండి, కొనేముందు షీట్‌ను కాటా మీద పెట్టించండి. కూరగాయలు తూయించే మనకు ఇందులో మొహమాటం ఎందుకు?

పెద్ద పడవ భద్రం కదా అనే మాటలో కొంత నిజం ఉంది. పొడవైనది అలల మీద నిలకడగా పోతుంది, సామాను ఎక్కువ పడుతుంది. కానీ పెద్దదనం ఒక్కటే కాపాడదు. 2019 సెప్టెంబర్ 15న ఇదే గోదావరి మీద కచ్చులూరు దగ్గర పెద్ద టూరిస్టు పడవ మునిగి పదుల మంది పోయారు. ప్లాన్‌లో చూడాల్సింది వేరే. నీళ్లు నిండినా తేలించే మూసిన గాలి అరలు ఉన్నాయా? బోల్తా పడితే లోపల ఉన్నవాళ్లే తిరగేసి ఎక్కగలరా? ఈ రెండింటికీ ప్లాన్‌లో జవాబు లేకపోతే, బొమ్మ ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. లైఫ్ జాకెట్లు లేకుండా మాత్రం ఏ పడవా ఎక్కొద్దు. ప్రాజెక్టు వాళ్లను అడగకుండా నీళ్లలోకి దిగొద్దు, వానాకాలంలో గేట్లు ఎత్తే రోజుల్లో ఆ ఊసే వద్దు. మంచిర్యాల వైపు శివారం దగ్గర మొసళ్ల అభయారణ్యం ఉందని మరిచిపోయి డేరా స్థలం వెతకొద్దు.

ఇక రాత్రి బస. క్యాంపింగ్ అంటే మగవాళ్లకు సెలవు, మనకు చోటు మారిన వంటిల్లు. అందుకే ఎవరు ఎక్కడ పడుకుంటారు, పొయ్యి ఎక్కడ, ఆడపిల్ల బట్టలు మార్చుకునే మరుగు ఎక్కడ అన్నది ప్లాన్ కొనేముందే తేలాలి. దీనికి నా దగ్గర ఒక ఉపాయం ఉంది. వాకిట్లో ముగ్గుపిండితో పడవను అసలు కొలతలకు గీయండి. మిర్రర్ అయితే 10 అడుగుల 10 అంగుళాల పొడవు, 4 అడుగుల 7 అంగుళాల వెడల్పు. మధ్యలో కూర్చునే బల్ల, డ్యాగర్‌బోర్డు పెట్టె కూడా గీయండి. ఇంటిల్లిపాదీ క్యాన్‌తో, చాపలతో లోపల కూర్చోండి. పొడవు మనిషిని పడుకోమనండి. మా ఇంట్లో ముగ్గు వేశాక తేలింది, ఈ పడవలో పడుకోలేం, సామాను తీసుకుపోయి ఒడ్డున డేరా వేసుకోవచ్చు అని. నాకది చాలు. పడవలోనే పడుకోవాలనేవాళ్లు అడుగు చదునుగా, అడ్డం లేకుండా ఉండే వేరే ప్లాన్ చూసుకోవాలి, దాని బరువు కూడా ఇలాగే లెక్క కట్టాలి.

ప్లాన్ ఉచితంగా దొరుకుతుందని ఎగబడకండి. మంచి ప్లాన్‌లో ప్రతి ముక్కకూ కొలతలు, ఏ పని తర్వాత ఏ పని, సామాను పట్టిక, పూర్తయ్యాక డొల్ల బరువు ఉంటాయి. ఇవి లేని కాగితం ఖరీదైన ప్లైవుడ్‌ను పాడుచేయడానికే పనికొస్తుంది.

లాభాల వాటా మా ఆయన చెమట, కాదనను. కానీ ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోవాలంటే తెల్లారకముందే నేను లేచి టిఫిన్ కట్టాలి, ఆ డబ్బులో నా నిద్ర కూడా ఉంది. బ్యాంకు లోనుకు భార్య సంతకం కావాలంటారు కదా, పడవ ప్లాన్‌కూ అంతే. బరువు ఎంత, ఎత్తేది ఎవరు, మునిగితే తేలేది ఎలా, ఈ మూడింటికీ జవాబు కాగితం మీద చూపించేదాకా సంతకం పెట్టకండి. చూపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పెట్టేసి, రెండో తెడ్డు మీరే పట్టుకోండి.